నివాసవీథులలో వేగనిరోధమును గూర్చి బహిరంగ లేఖ

యర్రగొండపాలెం గ్రామ పంచాయతీ పాలకవర్గమునకును, రహదారులు, భవనముల శాఖ ఇంజనీర్లకును,

ఆర్యులారా!

మాచర్ల నుండి మన యూరి మీదుగా కనిగిరి వైపు సాగు 565వ జాతీయ రహదారి మాట నేనిప్పుడెత్తుట లేదు. దానిని విడిచి నివాసవీథులలోనికి మళ్లిన పిమ్మటను అదే వేగముతో దూసుకొనివచ్చు మోటారు సైకిళ్లు, ఆటోలు, మిరప బస్తాల ట్రాక్టర్లు ఇంటి గడపల ముందు కల్పించుచున్న ప్రాణభయమును గూర్చియే ఈ లేఖ. అరుగు దిగిన అడుగు రోడ్డు మీదనే పడు ఇండ్లివి. బిందెతో కుళాయి చెంతకు పోవు ముసలమ్మకును, బడిసంచితో పరుగిడు పిల్లవానికిని ప్రక్కకు తొలగ చోటు లేదు. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిదప బండి ఆగుటకు పట్టు దూరము నాలుగింతలగును.

విసిగినవారు తమ యింటి యెదుట తామే సిమెంటు దిమ్మెలు పోసికొనుట సహజమే. కాని నిటారుగా లేచిన ఆ దిమ్మెలు రాత్రివేళ కానరాక ద్విచక్రవాహనదారులను పడద్రోయును, 108లో పోవు నిండు చూలాలిని కుదిపివేయును. చిన్న రోడ్ల వేగనిరోధకములకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే కొలత చెప్పినది: ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు. గంటకు 25 కిలోమీటర్ల వేగముతో పోవు బండి అట్టి నిరోధకమును సుఖముగా దాటగలదు.

కావున బడులు, అంగన్‌వాడీలు గల వీథులతో మొదలిడి, ఈ కొలతకు సరిపోవు నిరోధకములను నిర్మించి, తెల్లచారలు వేయించి, అపాయకరములైన దిమ్మెలను తొలగింపుడు. ఏ వీథిలో ఎన్నడు పని జరుగునో తేదీతో సహా పంచాయతీ నోటీసు బోర్డు మీద ప్రకటింపుడు; వేసవి సెలవులు ముగిసి బడులు తెరచునాటికి ఆ పని పూర్తి కావలెనని కోరుచున్నాను.

ఇట్లు,
యర్రగొండపాలెం నివాసి