కోణము దోషము కాదు, కొమ్ము చెడితే దోషము

మొన్న మా చక్రాయపేటలో కంటి వైద్య శిబిరానికి ఫ్లెక్సీ కట్టినారు. అక్షరాలన్నీ అంతరిక్ష నౌక మీద చెక్కినట్లు పలకలు పలకలుగా, మూలలు కోసినట్లు ఉన్నవి. మా వీధి పెద్దాయన ఒకరు తేదీలోని 6ను 8గా చదువుకొని రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళినారు. అప్పటికి శిబిరం ఎత్తివేసినారు. చూపు మందగించినవారిని పిలవడానికి చూపున్నవాడికే చిక్కని అక్షరమా?

ఈ మాట అనగానే మన పండితమిత్రులు కొందరు, తెలుగు గుండ్రని లిపి, కోణము దానికి అపచారము అంటారు. నేనొప్పుకోను. తెలుగు లిపికి తల్లివేరైన బ్రాహ్మిలో కకారము అచ్చంగా కూడిక గుర్తు. గకారము రెండు గీతలు కలిసిన కోణము. మా జిల్లాలోని కలమళ్ళలో రేనాటి చోళుల శాసనము పుట్టిన 575 ప్రాంతము నుండి నేటి అచ్చుల దాకా అక్షరము ఎన్నో రూపులు మార్చినది. ఉలి, ఘంటము, సీసపు అచ్చు, కంప్యూటరు: పనిముట్టు మారినప్పుడల్లా రూపు మారుతూనే ఉన్నది. కోణము మనకు పరాయిది కాదు.

మరి నా తగవు దేనితో? ఆలోచన లేని అనుకరణతో. 1962 నాటి యూరోస్టైల్, 2009 నాటి ఆర్బిట్రాన్ వంటి ఆంగ్ల ఖతులు గుండ్రని అక్షరాన్ని పలకగా మార్చినా పోలిక చెడదు. వాటికున్నవి 26 అక్షరాలే. మనకు గుణింతాలున్నవి, వత్తులున్నవి. తలకట్టు అంటితే వకారము, విడితే పకారము. వకారపు కొమ్మును కిందికి దించి వ్రాస్తాము. పక్కన పెడితే అది మకారమై కూర్చుంటుంది. దకార ధకారాలకు భేదమంతా అడుగున ఒక చిన్న గీత. అన్నిటినీ ఒకే పెట్టెలో బిగించితే మొదట పోయేవి ఇవే. యూనికోడు అక్షరానికి సంఖ్య మాత్రమే ఇచ్చినది. రూపము బాధ్యత ఖతి చేసినవానిదే.

అట్లని ఆ ఖతులను వెలివేయమనను. ‘ఆదిత్య 369’ (1991), ‘కల్కి 2898 ఏ.డి.’ (2024) వంటి కాలప్రయాణపు, భవిష్యత్తు కథల పేర్లకు, విజ్ఞాన కల్పనా నవలల అట్టలకు, రోబో పోటీల గోడపత్రికలకు అవి శోభిస్తాయి. రెండు మూడు మాటలు, పెద్ద పరిమాణము, చుట్టూ చోటు. అంతవరకే. తేదీకి, చిరునామాకు, మందు మోతాదుకు అవి తగవు. పెండ్లి అలంకారము పొలానికి పనికివస్తుందా?

ఖతులు చేసే యువకులకు నా పరీక్ష ఒక్కటే. పువ్వు, మువ్వ, వల, పల, బాధ, భారము అని అచ్చువేసి రెండవ తరగతి పిల్లవానికీ వాని అవ్వకూ చూపండి. ఇద్దరూ తడుముకోకుండా చదివితే, ఎన్ని కోణాలున్నా సరే, ఆ ఖతికి మొదటి నమస్కారము నాది.