కొలవకుండా వేడి చేశాం

డిసెంబరు వస్తే మన ఇళ్లలో అక్వేరియం చేపలు చచ్చిపోతాయి. ఏటా ఇదే వరస. ఏటా మన నోట ఒకటే మాట: చలి ఎక్కువైంది, పాపం తట్టుకోలేకపోయాయి. చచ్చినవాటిని చిన్న వలతో తీసి పారేస్తాం, ఆదివారం షాపుకెళ్లి కొత్తవి తెస్తాం. గప్పీ చవగ్గా దొరుకుతుంది కాబట్టి అది ఎందుకు చచ్చిందని ఎవరమూ అడగలేదు. ఆ చవక చాటునే మన నిర్లక్ష్యం ఇన్నేళ్లుగా దాక్కుంది. పెంచే మనమూ అమ్మే మనమూ, పిల్లల ముచ్చట కోసం కొనిచ్చి ఆ తర్వాత అటు చూడని మనమూ, అందరం ఈ చావులకు బాధ్యులం.

గప్పీ, మోలీ, ఏంజెల్, ఫైటర్ వంటివి వెచ్చటి నీళ్ల చేపలు. వీటికి 24 నుంచి 28 డిగ్రీల మధ్య నీరు కావాలి. మనలాగా ఒంట్లో వేడి పుట్టించుకోవడం వాటికి చేతకాదు. నీరెంత చల్లనో ఒళ్లూ అంతే చల్లన. నీరు 20 డిగ్రీలకు దిగిందంటే తిన్న మేత సరిగా అరగదు, జబ్బును ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది, ఒంటి మీద ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లమచ్చలు తేలతాయి. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రుల్లో 12, 13 డిగ్రీలు మామూలే. ఆదిలాబాద్ వైపు 10కి దిగువకూ పోతుంది. కిటికీ పక్కన పెట్టిన తొట్టిలో నీరు తెల్లవారుజామున ఎన్ని డిగ్రీలుందో మనలో ఎందరం చూశాం? రంగురాళ్లు కొన్నాం, ప్లాస్టిక్ మొక్కలు కొన్నాం, బుడగలు వదిలే బొమ్మ కొన్నాం. వాటికన్నా చవగ్గా వచ్చే థర్మామీటర్ మాత్రం కొనలేదు.

తెలుగువాళ్లం అయ్యుండి ఈ తప్పు చేయడం మరీ బాధాకరం. చేపల ఉత్పత్తిలో దేశంలో ముందున్నది ఆంధ్రప్రదేశ్. కైకలూరు, భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద రైతు చీకటితోనే లేచి గట్టెక్కుతాడు. చేప పైకి తేలి నోరు తెరుస్తోందా అని చూస్తాడు. చలి ముదిరితే మేత తగ్గిస్తాడు. నీటిలో ఆక్సిజన్ పడిపోతోందని అనుమానం వస్తే ఏరియేటర్లు వేస్తాడు. వేడి, గాలి, మేత ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయన్న ఎరుక మన ఊళ్లలోనే ఉంది. దాన్ని హాల్లో పెట్టుకున్న రెండడుగుల తొట్టి దాకా తెచ్చుకోవాలని మనకు తోచలేదు. హాల్లో ఉన్నది కూడా చెరువేనని మనం అనుకోలేదు. అలంకరణ సామాను అనుకున్నాం.

వేడి చేయాలని తోచినప్పుడు ఎలా చేశామో కూడా చెప్పుకోవాలి. గీజర్ నీళ్లు మగ్గుతో పోసినవాళ్లం ఉన్నాం. నిమిషంలో నాలుగైదు డిగ్రీలు మారడం చేపకు చలి మీద మరో దెబ్బ. స్నానానికి బకెట్లో నీళ్లు కాచే రాడ్డును తొట్టిలో ముంచినవాళ్లమూ ఉన్నాం. ఆ రాడ్డు వెయ్యి వాట్లో, అంతకు మించో ఉంటుంది. నీరు చాలినంత వేడెక్కిందని ఆగడం దానికి తెలియదు. చాలా రాడ్లలో గొట్టం రాగిది. పైపూత పోతే రాగి నీళ్లలోకి దిగుతుంది, చేపలతో పాటు తొట్టిలో పెంచే నత్తలకు రాగి విషం. ప్లగ్గు తీయకుండా అందులో చెయ్యి పెడితే మనిషి ప్రాణానికే ముప్పు.

అక్వేరియం హీటర్ కొన్నవాళ్లం కూడా లెక్క చూసుకోలేదు. అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్ఫై వెడల్పు, ముప్ఫై ఎత్తు ఉన్న తొట్టిలో పట్టేది 54 లీటర్లు. రాళ్లు, పైన వదిలే జాగా పోను 45 లీటర్లు. లీటరుకు ఒక వాటు చొప్పున 50 వాట్ల హీటర్ మన ఇళ్లకు సరిపోతుంది. మనం మాత్రం పెద్దదైతే త్వరగా వేడెక్కుతుందని 200 వాట్లది పెట్టాం. ఈ హీటర్లలో ఉష్ణోగ్రత చూసి కరెంటు ఆపే చిన్న లోహపు పట్టీ ఒకటి ఉంటుంది. వాడగా వాడగా అది అతుక్కుపోవచ్చు. అతుక్కుపోతే హీటర్ ఆగదు. 45 లీటర్ల నీటిని 200 వాట్లు గంటకు మూడు డిగ్రీలకు పైగా వేడెక్కిస్తాయి. రాత్రి పదకొండుకు 26 డిగ్రీలున్న నీరు తెల్లవారేసరికి 40 దగ్గరికి చేరుతుంది. అదే 50 వాట్లదైతే గంటకు ఒక డిగ్రీ కూడా పెరగదు. పొద్దున లేచి చూసుకునేదాకా ప్రాణాలకు వ్యవధి ఉంటుంది. దుకాణంలో ఆ లెక్క చెప్పినవాళ్లు అరుదు, అడిగినవాళ్లం అంతకన్నా అరుదు.

నత్తల విషయంలో మన తప్పు ఇంకా పెద్దది. చేప వేడి తగలగానే తప్పుకుంటుంది, నత్త అంత వేగంగా కదల్లేదు. హీటర్ గాజు మీద సన్నటి పాచి పేరుకుంటుంది. నత్త దాన్ని గీరి తింటూ, మెత్తటి పాదమంతా గాజుకు అంటించి మెల్లగా పైకి పాకుతుంది. అంతవరకూ ఆగి ఉన్న హీటర్ ఆ సమయంలోనే వెలుగుతుంది. ఎర్రదీపం వెలగడం మనకు కనిపిస్తుంది, నత్తకు పాదం కింద గాజు కాలడం మొదలవుతుంది. ప్లాస్టిక్ జాలీ తొడుగు ఒకటి హీటర్‌కు వేస్తే ఈ బాధ ఉండదు. హీటర్‌కీ గోడకీ మధ్య సందులో నత్త ఇరుక్కోకుండా చూసుకుంటే చాలు. చచ్చిన నత్త చిప్పలోపల కుళ్లి అమోనియా వదులుతుంది. వెచ్చటి నీళ్లలో ఆ విషం ఇంకా ఘాటుగా పనిచేస్తుంది. మర్నాడు చేపలు పోతే మళ్లీ చలినే తిట్టాం.

జబ్బు వచ్చాక చేసింది కూడా ఇలాగే ఉంది. తెల్లమచ్చలు కనబడగానే షాపులో ఇచ్చిన మందు సీసా వంచేశాం. దానిలో రాగి ఉందేమోనని చీటీ చదవలేదు, నత్తలను ముందుగా వేరే తొట్టిలోకి మార్చలేదు. వేడితోనే జబ్బు పోగొడదామని 30 డిగ్రీలకు పెంచినవాళ్లం గాలి మోటారు సంగతి మరిచాం. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీల నీరు ఏడున్నరకు మించి పట్టుకోలేదు. వేడి పెరిగేకొద్దీ చేపకు గాలి ఎక్కువ కావాలి, నీటిలో అది తక్కువవుతుంది. గోల్డ్‌ఫిష్‌కు 18 నుంచి 22 డిగ్రీలే హాయి. అందంగా ఉంటాయని దాన్ని ఫైటర్‌తో ఒకే తొట్టిలో వేశాం. ఒక హీటర్ ఆ రెండింటికీ ఎలా న్యాయం చేస్తుంది?

1960 నాటి జంతుహింస నివారణ చట్టం మనిషి కాని ప్రతి ప్రాణినీ జంతువుగానే లెక్కిస్తుంది. నత్త అందులో ఉంది, గప్పీ ఉంది. మన మనసుల్లో మాత్రం వాటికి ఆ చోటు లేదు. కుక్క చచ్చిపోతే డాక్టరుని కారణం అడుగుతాం, చేప చచ్చిపోతే ధర అడుగుతాం. అమ్మేవాళ్లు చెప్పలేదని కొన్నవాళ్లం, కొనేవాళ్లు అడగలేదని అమ్మేవాళ్లం, ఒకరి మీద ఒకరం నెట్టుకుంటూ వచ్చాం.

చేయాల్సింది కష్టమేమీ కాదు. థర్మామీటర్‌ను హీటర్‌కు దూరంగా, తొట్టి రెండో చివర పెట్టాలి. గప్పీలు, మోలీలు, నత్తలు కలిసి ఉంటే 24, 25 డిగ్రీలు అందరికీ సరిపోతాయి. ఎక్కువ వేడిలో నత్త బతుకు త్వరగా కరిగిపోతుంది. హీటర్‌ను నీరు కదిలే చోట, నీటిలో పూర్తిగా మునిగేలా అమర్చాలి. నీళ్లు మార్చేటప్పుడు ముందు ప్లగ్గు తీసి, గాజు చల్లారేదాకా పావుగంట ఆగాలి. వేడి గాజు గాలికి తగిలితే పగలొచ్చు, పగిలిన హీటర్ నీటిలోకి కరెంటు వదలొచ్చు. వైరు మీద జారిన చుక్క సాకెట్‌లోకి పోకుండా వైరును సాకెట్ కన్నా కిందికి వేలాడదీయాలి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఇంటికి ఉండి తీరాలి. విశాఖ వంటి తీరపు ఊళ్లలో ముందు వారం రోజులు నీటిని కొలిచి, అవసరమైతేనే హీటర్ కొనాలి.

ఇకమీదట చేప చచ్చినా నత్త చచ్చినా ఆ పూట నీరు ఎన్ని డిగ్రీలుందో, అంతకుముందు ఏం మార్చామో ఒక కాగితం మీద రాద్దాం. కారణం తేలేదాకా మరో ప్రాణిని కొనవద్దు. అమ్మే మనం, తొట్టి ఎన్ని లీటర్లో అడక్కుండా హీటర్ ఇవ్వవద్దు. ఇన్నేళ్ల నిర్లక్ష్యానికి ఇది చాలా చిన్న ప్రాయశ్చిత్తం. ఇదీ చేయలేనివాళ్లం తొట్టి ఖాళీగా ఉంచుకోవడమే న్యాయం.