భాష వచ్చుట ఎట్లు?

మన వార్షిక సంచికను ఎడమ అట్ట నుండి తెరిస్తే తెలుగు, కుడి అట్ట నుండి తెరిస్తే ఉర్దూ. రెండు భాషలూ రెండు కొసల నుండి బయలుదేరి నడుమ ఒకచోట కలుసుకొంటాయి. ఐతే మనలో చాలమంది పాఠకులు ఆ నడిమి పుట దగ్గరనే ఆగిపోతారు. అవతలి సగం అవతలివారిది. కారణమడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "నాకు ఉర్దూ రాదు", "నాకు తెలుగు రాదు". ఈ "రాదు" అనే చిన్న మాటను గురించి నాకు తోచిన అభిప్రాయాన్ని విద్యార్థి మిత్రుల యెదుట, పాలక సంఘం పెద్దల యెదుట ఉంచదలచాను.

భాష తెలియునని చెప్పడానికి తెలుగువాడు "నాకు తెలుగు వచ్చు" అంటాడు. ఉర్దూ మాట్లాడేవాడు "ముఝే ఉర్దూ ఆతీ హై" అంటాడు. "ఆనా" అంటే వచ్చుటయే. తెలుగు ద్రావిడ కుటుంబానికి చెందినది, ఉర్దూ ఆర్య కుటుంబానికి చెందినది. ఐనను ఈ విషయంలో రెండింటి తలపూ ఒక్కటే. భాష మనం పట్టుకొని తెచ్చుకొనే వస్తువు కాదు, అది మన దగ్గరకు రావాలి.

నా చిన్ననాటి ముచ్చట ఒకటి చెబుతాను. మా తరగతిలో ఉర్దూ మాతృభాషగా గల సహాధ్యాయి ఒకడుండేవాడు. "నీకు తెలుగు వచ్చునా?" అని ఉపాధ్యాయుడు అడిగితే, "నాకు తెలుగు వస్తుంది, సార్" అన్నాడు. తరగతి ఘొల్లుమన్నది. నేనూ నవ్వాను. ఆ సంవత్సరమంతా ఆ పిల్లవాడు తెలుగు గంటలో మరల నోరు విప్పలేదు. అతడు చేసిన తప్పేమిటి? "ఆతీ హై" అనే తన యింటి మాటకు సరిగా సరిపోయే తెలుగు రూపాన్ని తన బుద్ధితో కట్టుకొన్నాడు. తెలంగాణంలో ఐతే "నాకు తెలుగు వస్తది" అనేవారు ఎందరో ఉన్నారు. మన ప్రాంతపు వాడుకలో ఈ అర్థంలో "వచ్చు" అనే రూపమే నిలిచిపోయింది. అది వ్యాకరణ తర్కంతో తెలిసేది కాదు, చెవిని పడితేనే తెలిసేది.

మన "వచ్చు" ధాతువును ఒకసారి పరికించండి. వచ్చాడు, వస్తున్నాడు, వస్తాడు, రాడు, రాలేదు. విధిలో రా, రండి. నిషేధంలో రావద్దు. చేదర్థంలో వస్తే, అప్యర్థంలో వచ్చినా. "చూచి వద్దాం" అన్నప్పుడు మరొక వేషం. "వచ్చు" అనే మాటలోని అక్షరం ఒక్కటైనా "రాదు" అనే మాటలో లేదు. "రావచ్చు" అన్నప్పుడు అదే ధాతువు ఒకే పదంలో రెండు రూపాలతో రెండుసార్లు కూర్చున్నది. దానికి వ్యతిరేకం "రారాదు". పరాయివాడు బెదరిపోక యేమి చేస్తాడు?

చూపునకు ఇంత దూరంగా ఉన్న "వచ్చు", "రా" అనే రూపాలు నిజానికి ఒకే మూలం నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. తమిళంలో "వర", కన్నడంలో "బర" అనే రూపాలు నేటికీ ఉన్నవి. తెలుగులో ఆ "వర" లోని రేఫ ముందుకు జరిగి "వ్రా" ఐనది. పిదప వకారం జారిపోయి "రా" మిగిలింది. "వ్రాయు" అనేది మన నోట "రాయు" ఐనట్లే ఇదీను. తెలుగు ధాతువుల పుట్టుపూర్వోత్తరాలను భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1961లో ప్రకటించిన తమ ఆంగ్ల గ్రంథంలో సవిస్తరంగా పరిశీలించారు. కాబట్టి మనం "అపవాదం" అని తోసివేసే రూపం వెనుక నియమం లేకపోలేదు. ఆ నియమం పాతబడి మన కంటికి కనబడకుండా పోయిందంతే.

ఉర్దూలో కథ వేరు. అక్కడ "ఆనా" సాధు ప్రాణి: ఆయా, ఆతా హై, ఆఏగా, ఆఓ, ఆఇయే. తెలుగు విద్యార్థి దీనిని సులువుగా నేర్చి, అదే త్రోవలో "జానా" దగ్గరకు పోయి, భూతకాలంలో "జాయా" అంటాడు. ఈసారి నవ్వు అవతలి బల్లల మీదిది. సరియైన రూపం "గయా". జానా అనేది సంస్కృతంలోని "యా" ధాతువు నుండి, గయా అనేది "గమ్" ధాతువు వలన కలిగిన "గత" శబ్దం నుండి వచ్చినవి. రెండు వేరు ధాతువులు ఒకే క్రియగా కాపురం చేస్తున్నవి. విచిత్రమేమనగా "జాయా" అనే రూపం ఉర్దూలో లేకపోలేదు. తరచుగా పోతూ ఉండేవాడని చెప్పడానికి "జాయా కర్తా థా" అంటారు. నవ్వించుకొన్న విద్యార్థి కల్పించినది అబద్ధపు రూపం కాదు, చోటు తప్పిన రూపం. కర్నా–కియా, లేనా–లియా, దేనా–దియా, హోనా–హువా అనేవీ ఇటువంటివే. దక్కనీ ఉర్దూలో "కియా"కు బదులు "కర్యా" అనే రూపమున్నది. ఒకచోట తప్పనిపించేది మరొకచోట తరతరాల వాడుక.

తెలుగును ప్రాచ్య దేశపు ఇటాలియన్ అని పొగడడం మనకు అలవాటు. 15వ శతాబ్దంలో విజయనగరాన్ని చూచిన వెనిస్ యాత్రికుడు నికోలో కాంటీ ఈ మాట అన్నాడని వాడుక. రెండు భాషలలోను మాటలు అచ్చులతో ముగుస్తాయని దాని భావం. నన్నడిగితే అంతకంటె ముఖ్యమైన పోలిక మరొకటి ఉన్నది. ఇటాలియన్‌లో పోవుట అనే క్రియకు పేరు "అందారే". నేను పోతాను అనడానికి "వాదో", అతడు పోతాడు అనడానికి "వా", మనము పోతాము అనడానికి మాత్రం "అందియామో". భవిష్యత్తులో "అంద్రో", సంభావ్యార్థంలో "వాద", భూతంలో "అందాతో". అక్కడా రెండు ధాతువులు పంతం పట్టి ఒకే పీటమీద కూర్చున్నవి. రోము నగరపు పసివాడు సైతం మొదట తడబడి, పిదప వినివిని దిద్దుకోవలసినదే.

అన్ని భాషలలోను రావడం, పోవడం, ఉండడం, ఇవ్వడం వంటి క్రియలకే ఈ పెంకితనమెందుకు? అవి నిత్యం నోట నానుతవి గనుక. అరుదుగా వాడే మాట పాత రూపాన్ని మరచి నియమానికి లొంగిపోతుంది. ఆంగ్లంలో "హెల్ప్" అనే క్రియకు పూర్వం "హోల్ప్" అనే భూతరూపముండేది. అది పోయి "హెల్ప్‌డ్" వచ్చింది. "గో" అనే క్రియకు "వెంట్" మాత్రం చెక్కుచెదరలేదు. ప్రతి తల్లీ ప్రతిదినం పలికే మాటను ఏ సూత్రమూ దిద్దలేదు.

మన ఊరి బెల్లపు మార్కెట్టులో ఒక్క నిమిషం నిలబడి వినండి. "బండి వచ్చిందా?" "రాలేదు." "వస్తుందా?" "రావచ్చు." "రాకపోతే?" "వచ్చేదాకా ఉందాం." భూతమూ, వ్యతిరేకమూ, భవిష్యత్తూ, సంభావనా, చేదర్థమూ ఆరు మాటలలో ముగిసినవి. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలోని క్రియా పరిచ్ఛేదాన్ని అక్కడ ఎవరూ వల్లించి ఉండరు. ఐనా ఒక్క రూపం తప్పిపోదు.

పట్టికలు వలదని నా వాదం కాదు. సంస్కృత పాఠశాలలో శబ్దమంజరి, మదరసాలో గర్దాన్ వల్లించినవారు భాషలో నిలిచి వెలిగిన మాట నిజం. చెదరిన రూపాలను ఒకచోట చేర్చి చూపడానికి పట్టిక అవసరమే. కాని పట్టిక ఊరి పటం వంటిది. పటం చూచినవాడు ఊరు చూచినవాడు కాడు. మన పరీక్షలలో "ఈ క్రియకు భూతకాల రూపం వ్రాయుము" అని అడిగి, ఒక మార్కు వేసి, అంతటితో భాష వచ్చినదని తృప్తి పడుతున్నాము.

మన ఉత్తరాంధ్రలోనే ఆదర్శమున్నది. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి సవర భాష నేర్చారు. నేర్చుకోవడానికి వారి ముందు సవర వ్యాకరణ గ్రంథం లేదు. ఆ భాష తెలిసిన మనిషిని దగ్గర ఉంచుకొని, అతని నోట విని నేర్చారు. ఆ కృషి ఫలితంగానే 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఆంగ్ల నిఘంటువు వెలువడినవి. ముందు మనిషి, పిదప మాట, ఆ పిదప పట్టిక. ఈ వరుసను మనం తలక్రిందులు చేసుకొన్నాము.

మనకు సవర కొండలెక్కే శ్రమ లేదు. అవతలి భాష పలికే మనిషి మన ప్రక్క బల్లమీదనే ఉన్నాడు. 2022లో రాష్ట్ర శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికారభాషగా గుర్తించింది. చట్టం హోదా నివ్వగలదు, "గయా" అనే రూపాన్ని నోటికి తెప్పించలేదు. ఆ పని చేయవలసినది స్నేహితుడు.

కావున పాలక సంఘం వారికి నా మనవి మూడు మాటలలో. వారానికొక గంట తెలుగు విద్యార్థిని, ఉర్దూ విద్యార్థిని జంటగా కూర్చుండబెట్టండి. ఒకరు వచ్చు, తెచ్చు, ఇచ్చు, ఉండు, అగు అనే క్రియలను, ఒకరు జానా, కర్నా, లేనా, దేనా, హోనా అనే క్రియలను సంభాషణలో ఇచ్చిపుచ్చుకొంటారు. పరీక్షలో విడిరూపాలకు బదులు సంభాషణ పూరింపుమనండి. వచ్చే సంచికలో కొన్ని పుటలు అవతలి భాషలో వ్రాసేవారికి కేటాయించండి. తప్పులు దిద్దేది ఆ జంటలోని రెండవవారే.

విద్యార్థి మిత్రులకు మనవి ఒక్కటే: నవ్వకండి. తప్పు పలికినవాడు నియమాన్ని గ్రహించినవాడు. వాడుక ఒక్కటే వానికి మిగిలి ఉన్నది. మన నవ్వుతో అది ఎన్నటికీ అందకుండా పోతుంది.

నా సహాధ్యాయి మాట నేటికీ నా చెవిలో ఉన్నది. "వస్తుంది" అనేది మన భాషలో భవిష్యత్తును కూడ చెబుతుంది. ఆనాడు మాలో ఒక్కడైనా "ఔను, నీకు తెలుగు తప్పక వస్తుంది" అని ఉంటే, ఆ వాక్యంలో తప్పే ఉండేది కాదు.