ప్లకార్డు మీద ఉరితాడు

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీదో, విశాఖ ఆర్కే బీచ్ దగ్గరో అవగాహన నడకలు తరచూ కనిపిస్తాయి. తెల్ల టీషర్టులు, చేతుల్లో ప్లకార్డులు, ముందు వరసలో స్కూలు పిల్లలు, జెండా ఊపడానికి ఓ పెద్ద అధికారి. పిల్లలపై లైంగిక దాడులు ఆగాలని వచ్చినవాళ్లంతా మనస్ఫూర్తిగానే నడుస్తారు. వాళ్ల మనసును శంకించాల్సిన పని లేదు. శంకించాల్సింది ప్లకార్డు మీది బొమ్మను. చిన్నపాప, ఆమె వెనక గోళ్లు పెంచిన నల్లటి చెయ్యి, కింద ఎర్రటి అక్షరాల్లో ‘ఉరి తీయండి’.

నేరస్థుడు ఎక్కణ్నుంచో వచ్చిపడే రాక్షసుడనీ, వాడికి ఉరే మందనీ ఈ సమాజం గట్టిగా నమ్ముతోంది. నడకలు, కొవ్వొత్తుల ప్రదర్శనలు, టీవీ చర్చలు, అసెంబ్లీ ప్రసంగాలు అన్నీ ఈ నమ్మకం మీదే నడుస్తున్నాయి. ఇది పిల్లల్ని కాపాడని నమ్మకం. అంతటితో పోతే బాధ లేకపోయేది. నోరు తెరవబోయిన పిల్లల నోరు నొక్కుతున్నది కూడా ఇదే.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగి 2007లో ఓ నివేదిక వెలువరించింది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పినవాళ్లు 53.22 శాతం. వాళ్లలో మగపిల్లలు 52.94 శాతం. వేధించినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లు, పిల్లలు నమ్మినవాళ్లు. అత్యధిక శాతాలు నమోదైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలంగాణ అప్పటికి అందులో భాగమే. ఎక్కువమంది పిల్లలు జరిగింది ఎవరికీ చెప్పలేదు. ఇక పోలీసు స్టేషను దాకా వెళ్లిన కేసుల సంగతి. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం కింద నమోదైన అత్యాచార కేసుల్లో నూటికి తొంభై ఐదు దాకా నిందితుడు బాధితులకు తెలిసినవాడేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా చెబుతూనే ఉంది. బంధువు, పక్కింటివాడు, కుటుంబ మిత్రుడు, పాఠం చెప్పేవాడు, బండి నడిపేవాడు. నల్లటి చెయ్యి బొమ్మలో వీళ్లలో ఒక్కరూ లేరు.

నడుస్తున్న పిల్లల వరసలో ఓ పదేళ్ల బాబు ఉన్నాడనుకుందాం. ఏడాదిగా వాణ్ని వేధిస్తున్నది సొంత బాబాయి. సైకిల్ తొక్కడం నేర్పింది ఆ బాబాయే. పండక్కి బట్టలు తెచ్చేదీ ఆయనే. ఆ ప్లకార్డు చదివితే వాడికి అర్థమయ్యేది ఏమిటి? ఇలాంటివి ఆడపిల్లలకే జరుగుతాయని. చేసేవాడు భయంకరంగా ఉంటాడని. బాబాయి అలా లేడు కాబట్టి తనకు జరుగుతున్నది అది కాదేమోనని. ఒకవేళ అదే అయితే, తను నోరు విప్పితే బాబాయి మెడకు తాడు పడుతుందని, నానమ్మ గుండె పగిలి చస్తుందని, ఆ పాపం తనదే అవుతుందని. వేధించేవాడు బెదిరించడానికి వాడే మాటలు కూడా సరిగ్గా ఇవే. అవగాహన కోసం నడిచే జనం తెలియకుండా ఆ బెదిరింపునే అచ్చు వేయించి మోస్తున్నారు.

నడక అయిపోయాక ఇంటికెళ్తే అక్కడ ఇంకో పాఠం. ఎవరైనా చుట్టం రాగానే “మామయ్యకి ముద్దు పెట్టు” అంటారు. బిడ్డ వెనక్కి తగ్గితే “సిగ్గా? ఒళ్లో కూర్చో, ఏం కాదు” అని ముందుకు తోస్తారు. పెద్దవాళ్ల మీద ఏదైనా చెప్పబోతే “కళ్లు పోతాయి, అలా అనకూడదు” అని కసురుతారు. తన ఒళ్లు తనదని, ఇష్టం లేకపోతే వద్దనవచ్చని ఎన్నడూ నేర్వని పిల్ల, గుడ్ టచ్, బ్యాడ్ టచ్ అని స్కూల్లో అరగంట చెప్పినంత మాత్రాన ఇంటి పెద్ద చేతిని తోసెయ్యగలదా? బిడ్డ మాటకు ఇంట్లో విలువ లేనప్పుడు ఆ అరగంట కూడా వృథాయే.

ఉరి డిమాండు నినాదంగానే ఆగిపోయి ఉంటే ఇంత వాదన అక్కర్లేదు. అది చట్టమైంది. పన్నెండేళ్లలోపు బాలికలపై అత్యాచారానికి మరణశిక్ష విధించే బిల్లును మధ్యప్రదేశ్ అసెంబ్లీ 2017 డిసెంబరులో ఆమోదించింది. జమ్మూ ప్రాంతంలోని కఠువాలో ఓ చిన్నపాపకు జరిగిన దారుణంపై దేశమంతా వీధుల్లోకి వచ్చిన 2018 ఏప్రిల్‌లో కేంద్రం అదే శిక్షతో ఆర్డినెన్సు తెచ్చింది. 2019లో పోక్సో చట్టాన్నీ సవరించారు. ఆ చట్టం 5వ సెక్షన్ ప్రకారం రక్తసంబంధీకుడు గానీ, పెళ్లి వల్లనో దత్తత వల్లనో బంధువైనవాడు గానీ, బిడ్డ ఉండే ఇంట్లోనే ఉండేవాడు గానీ ఈ నేరం చేస్తే అది మరింత తీవ్రమైన నేరం. సవరణ తర్వాత దానికి కనీస శిక్ష 20 ఏళ్ల జైలు, గరిష్ఠం ఉరి. అంటే వీధుల్లో నడిచి, అడిగి సాధించుకున్న ఆ తాడు చివరికి వేలాడుతున్నది ఇంటి దూలానికే.

అలాంటి ఇంట్లో తల్లి స్టేషను మెట్లెక్కాలి. సంపాదించేది అతనొక్కడే అయితే అద్దె ఎవరు కడతారు? చిన్నవాడి ఫీజు ఎవరిస్తారు? “వాణ్ని ఉరికెక్కించి నువ్వేం బావుకుంటావ్?” అని అత్తగారు అడుగుతుంది. పెద్దమనుషులు వచ్చి కూర్చుంటారు. “పిల్లకు రేపు పెళ్లి కావద్దా?” అంటారు. ధైర్యం చేసి ఫిర్యాదు ఇచ్చినా ఆర్నెల్లు, ఏడాది గడిచేసరికి ఆ ధైర్యం అరిగిపోతుంది. చివరికి బోనెక్కి “పిల్ల ఏదో పొరబాటున చెప్పింది” అంటుంది. సాక్షి ఎదురు తిరిగిందని కోర్టు రాసుకుంటుంది. కేసు కొట్టుడుపోతుంది, అతను ఇంటికొస్తాడు. ఆ ఇంట్లోనే ఆ పిల్ల మళ్లీ నిద్రపోవాలి.

ఇది ఊహించి రాసే భయం కాదు. విధి సెంటర్ ఫర్ లీగల్ పాలసీ అనే సంస్థ పోక్సో వచ్చినప్పటి నుంచి నమోదైన కేసులను ఈ-కోర్టుల రికార్డుల నుంచి తవ్వి తీసి 2022లో నివేదిక ఇచ్చింది. దేశం మొత్తం మీద ఒక కేసులో శిక్ష పడితే మూడింటిలో నిందితుడు బయటపడుతున్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో శిక్షల కంటే కొట్టివేతలు ఏడు రెట్లు ఎక్కువ. ఏడాదిలోపు విచారణ ముగించాలని చట్టం 35వ సెక్షన్ చెబుతుంటే, ఆ అధ్యయనంలో ఒక్కో కేసుకు సగటున పట్టిన కాలం ఏడాదిన్నరకు దగ్గర దగ్గర. ఇలాంటి చోట శిక్షను ఎంత పెంచితే ఏం లాభం? శిక్ష పడుతుందన్న నమ్మకం నేరం చేసేవాడికీ లేదు, బాధపడ్డవాళ్లకీ లేదు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2019 డిసెంబరులో దిశ బిల్లు పాస్ చేసింది. అత్యాచార కేసుల్లో 21 పనిదినాల్లో దర్యాప్తు, విచారణ, తీర్పు, అవసరమైతే ఉరి అని ఊరూరా ప్రచారం చేశారు. ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు, అది చట్టమే కాలేదు. అన్ని రోజులూ కోర్టుల్లో మూలుగుతున్న మామూలు కేసుల గురించి మాత్రం ఏ నడకా జరగలేదు.

ఉరి కావాలనేవాళ్ల కోపం న్యాయమైనదే. 2019 జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసికందుకు జరిగింది విన్నవాళ్లెవరూ ప్రశాంతంగా మాట్లాడలేరు. మాట్లాడమని అడగడమూ క్రూరత్వమే. ఆ కేసులో రెండు నెలలు తిరక్కుండానే మరణశిక్ష పడింది. అదే ఏడాది హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. త్వరగా న్యాయం జరగడం సాధ్యమేనని ఈ కేసు చూపిస్తుంది, నిజమే. ఎందుకు సాధ్యమైందో కూడా చూపిస్తుంది. నిందితుడు అక్కడికక్కడే దొరికాడు, కుటుంబం అంతా ఒక్కటిగా బిడ్డ పక్షాన నిలబడింది, ఏ సాక్షీ వెనక్కి తగ్గలేదు. నిందితుడు ఇంటివాడే అయిన కేసుల్లో లేనిది ఇదే. అక్కడ కుటుంబం రెండుగా చీలిపోయి ఉంటుంది. బిడ్డవైపు నిలబడేవాళ్లకు ఆసరా ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. దానికి తలారి దగ్గర జవాబు లేదు.

నిర్భయ ఘటన తర్వాత దేశమంతా ఉరి అని అరుస్తున్న వేళ కూడా జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో అత్యాచారానికి మరణశిక్షను సిఫార్సు చేయలేదు. 2018 ఆర్డినెన్సు వచ్చిన రెండు రోజులకే ఢిల్లీ హైకోర్టు కేంద్రాన్ని నిలదీసింది: అత్యాచారానికీ హత్యకూ ఒకే శిక్ష అయితే బిడ్డను ప్రాణాలతో వదిలేవాళ్లు ఎందరుంటారో ఆలోచించారా అని. ఆ ప్రశ్నకు వీధుల్లోనూ, చట్టసభల్లోనూ ఇంతవరకు సూటిగా జవాబు చెప్పినవాళ్లు లేరు.

మరో పొరపాటు కూడా ఈ నడకల్లో మామూలైపోయింది. చనిపోయిన బిడ్డ ఫొటోతో ఫ్లెక్సీ, కింద పేరు, ఊరు, తండ్రి పేరు. పోక్సో 23వ సెక్షన్ మీడియా ఇలా బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. బాధితులు చనిపోయినా వివరాలు వెల్లడించరాదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. కఠువా పాప పేరు, ఫొటో వేసిన మీడియా సంస్థలకు ఢిల్లీ హైకోర్టు తలా పది లక్షల జరిమానా కట్టమంది. ఆ ఫ్లెక్సీ చూసిన ఏ తల్లయినా తన బిడ్డ బొమ్మ కూడా ఇలా కూడలిలో కడతారని భయపడి వెనక్కి తగ్గుతుంది.

అలాగని నడకలు మానెయ్యాలనడం తెలివి కాదు. ఈ విషయం రోడ్డు మీద మాట్లాడకూడదనే పరువు పెద్దలకు అది ఆయుధం అవుతుంది. 2017 సెప్టెంబరు 11న బాలల హక్కుల ఉద్యమకారుడు కైలాష్ సత్యార్థి కన్యాకుమారిలో భారత్ యాత్ర మొదలుపెట్టి, ఊరూరా ర్యాలీలు తీస్తూ దాదాపు 11,000 కిలోమీటర్లు సాగి, అక్టోబరు 16న ఢిల్లీలో ముగించారు. ‘సురక్షిత బాల్యం, సురక్షిత భారతం’ దాని నినాదం. అందులో ఒకప్పటి బాధితులూ నడిచారు. బొమ్మలోని మూగ పాపకీ, తన కాళ్ల మీద నిలబడి మైకు పట్టుకున్న మనిషికీ ఎంత తేడా! బిడ్డను జాలిపడాల్సిన ప్రాణిగా కాక వినాల్సిన మనిషిగా చూపిస్తే నడకకు అర్థం ఉంటుంది.

నినాదం మారాలి. ‘చెప్పు, నేను నమ్ముతాను’ అని ప్లకార్డు మీద ఉండాలి. 1996లో ముంబైలో మొదలైన పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఉండాలి. మగపిల్లాడి బొమ్మా ఉండాలి. తెలిసీ ఫిర్యాదు చెయ్యకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా, సంస్థ అధిపతి అయితే ఏడాది దాకా జైలు పడవచ్చని స్కూలు యాజమాన్యాలకు, అపార్టుమెంటు పెద్దలకు ఆ నడకలోనే చెప్పాలి.

పోగైన విరాళం ఎక్కడికి పోతున్నదో కూడా అడగాలి. టీషర్టులకీ, స్టేజీకీ, జ్ఞాపికలకీ ఖర్చయ్యే డబ్బుతో ఓ కూలి తల్లికి వాయిదా రోజు బస్సు చార్జీ, పోయిన కూలి ఇవ్వవచ్చు. హైదరాబాద్‌లో 2016లో తెరిచిన భరోసా కేంద్రంలో వైద్యం, కౌన్సెలింగ్, వాంగ్మూలం అన్నీ ఒక్క చోటే జరిగేలా చేశారు. 2018లో అక్కడే పిల్లలకు అనువైన కోర్టు గది కూడా వచ్చింది. నిందితుడి మొహం కనపడకుండా బిడ్డ మాట్లాడే ఏర్పాటు అది. ప్రతి జిల్లా కోర్టులో అలాంటి గది ఉందా అని నడిచేవాళ్లు కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వవచ్చు.

అన్నిటికంటే ముందు తోడు మనిషి. ఫిర్యాదు నాటి నుంచి తీర్పు దాకా బిడ్డ వెంట నడవడానికి, కేసు ఎక్కడిదాకా వచ్చిందో ఇంట్లోవాళ్లకు చెప్పడానికి, పరిహారం ఇప్పించడానికి బాలల సంక్షేమ కమిటీ ఒకరిని నియమించవచ్చని 2020 పోక్సో నిబంధనలు చెబుతున్నాయి. అత్తగారు, పెద్దమనుషులు ఒకవైపు కూర్చున్నప్పుడు ఆ తల్లికి ఇటువైపు కూర్చునే ఒక్క మనిషి ఇతనో, ఈమెనో. ఇలాంటివాళ్ల పేర్లతో జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఒక రిజిస్టరు నిర్వహించాలని అదే నిబంధనల్లో ఉంది. తమ జిల్లా రిజిస్టరులో ఎందరి పేర్లున్నాయో, పోయిన ఏడాది నమోదైన కేసుల్లో ఎన్నింటికి వాళ్లను పంపారో సమాచార హక్కు చట్టం కింద అడగడానికి పది రూపాయల ఫీజు, ఒక తెల్లకాగితం చాలు. వచ్చే ఆదివారం నడవబోయేవాళ్లు శనివారమే ఆ దరఖాస్తు పెట్టి, అందిన జవాబును ప్లకార్డు మీద రాసి మోయాలి.