పావగడ దాకా వచ్చిన ప్రింట్లు ఏమయ్యాయి?

పావగడ తాలూకా కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉంది. మ్యాపు తీసి చూస్తే మాత్రం చుట్టూ దాదాపు పాత అనంతపురం జిల్లాయే. ఆఫీసుల్లో కన్నడం నడిచినా చాలా ఇళ్లలో మాట తెలుగే. అందుకే తెలుగు సినిమా ఇక్కడ పొరుగువాళ్ల సినిమా కాదు. అయితే 35 ఎంఎం రోజుల్లో ఇలాంటి ఊళ్లకు ప్రింటు ఆఖర్న వచ్చేది. పెద్ద సెంటర్లలో వారాల తరబడి ఆడి, గీతలు పడి, తెగిన చోటల్లా అతుకులు వేసుకుని చేరేది.

ఆ గీతల ప్రింటుకే ఇప్పుడు విలువ. ప్రేక్షకులు ఆనాడు చూసిన సినిమా ఏదో చెప్పగల సాక్ష్యం అదే.

అమెరికాలో స్టార్ వార్స్ అభిమానులు ఈ సంగతి ముందే పట్టుకున్నారు. 1977 నాటి సినిమాను జార్జ్ లూకాస్ 1997లో మార్చి విడుదల చేశాక, పాత రూపం మంచి నాణ్యతతో దొరకడమే కష్టమైంది. కొందరు అభిమానులు అప్పటి థియేటర్ ప్రింట్లు సంపాదించి ఫ్రేము ఫ్రేమూ స్కాన్ చేశారు. 4కె77 పేరుతో వచ్చింది ఆ కృషే. వాళ్లకు హక్కుదారుల అనుమతి లేదు. కానీ ఆ పని ఎవరో ఒకరు చేయవలసిందేనని నా నమ్మకం.

మనకూ అలాంటి కథ ఉంది. 1957 నాటి మాయాబజార్‌కు హైదరాబాద్‌లోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. కొత్త తరానికి ఆ సినిమాను చేరువ చేసిన మాట నిజం. కానీ నిడివి తగ్గింది, మార్కస్ బార్‌ట్లే నలుపు తెలుపుల్లో మలిచిన వెలుగునీడల మీద మరొకరి రంగు పడింది. మూడు గంటల ఆ సినిమాలో రెండున్నర లక్షలకు పైగా ఫ్రేములున్నాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు కాపాడటం రంగులద్దడం కన్నా ముందు జరగాల్సిన పని.

చట్టం విషయంలో మన అభిమానులకు అమెరికా వాళ్లకు లేని వెసులుబాటు ఒకటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కు విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు ఉంటుంది. అంటే మాయాబజార్ గడువు 2017తో తీరిపోయింది. రచన లెక్క వేరు: పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు కాబట్టి ఆయన మాటలు, పాటల మీద హక్కు 2031 దాకా ఉంటుంది. బయటికి విడుదల చేసేవాళ్లు అది చూసుకోవాలి.

అసలు చిక్కు ప్రింట్లు మిగలకపోవడం. పుస్తకం అచ్చువేస్తే జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపాలని 1954లోనే చట్టం వచ్చింది. సినిమాకు అలాంటి నియమం లేదు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుట్టిందే 1964లో. అప్పటికే ఎన్నో ప్రింట్లు వెండి తీయడానికి కరిగిపోయాయి. మన తొలి టాకీ ఆలం ఆరాకే ఆ గతి పట్టిందని ఆర్కైవ్ వ్యవస్థాపకుడు పి.కె. నాయర్ చెప్పేవారు. 1932 నాటి భక్త ప్రహ్లాద కూడా నేడు చూడటానికి లేదు. ఇంత దూరపు సినిమాలే కాదు, 1990 నాటి జగదేకవీరుడు అతిలోకసుందరి కోసం కూడా వైజయంతీ మూవీస్ ఏళ్ల తరబడి రీళ్లు వెతకవలసి వచ్చింది. అది దొరికి, బాగుపడి, 2025 మే 9న మళ్లీ తెరకెక్కింది.

2022లో పోకిరి, జల్సా రీ-రిలీజులకు థియేటర్లు నింపిన అభిమాన సంఘాలు పావగడ, మడకశిర, హిందూపురం వైపు మూతపడ్డ టాకీసుల్లో, పాత ఆపరేటర్ల ఇళ్లలో డబ్బాలు వెతికితే ఎంత బాగుంటుంది! దొరికిన రీలును ప్రొజెక్టరు ఎక్కించకూడదు, బిగుసుకుపోయిన చుట్టను బలవంతంగా విప్పకూడదు. మూత తీయగానే పులిసిన వెనిగర్ వాసన కొడితే ఫిల్ము కుళ్లడం మొదలైనట్టే, వెంటనే మిగతా వాటి నుంచి వేరు చేయాలి. 1950లకు ముందుదైతే నైట్రేట్ కావచ్చు, అది ఇట్టే అంటుకుంటుంది. డబ్బా మీది పేరు, రీలు నంబరు రాసుకుని పుణె ఆర్కైవ్‌కో, ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్‌కో కబురు పెట్టాలి. పావగడ ఎండలు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, రేకుల షెడ్డులో ఉన్న డబ్బాకు ప్రతి వేసవీ గండమే.