పాదరసానికి కొలత పొగగొట్టం దగ్గరేనా?

15 మందిలో 13 మంది. కేరళలోని కోట్టక్కల్ ఆస్పత్రి వైద్యులు 2024లో 'కిడ్నీ ఇంటర్నేషనల్' పత్రికలో వెల్లడించిన లెక్క ఇది. మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బులో నెల్-1 అనే అరుదైన రకంతో వచ్చిన 15 మందిలో 13 మంది అంతకుముందు ముఖం తెల్లబడే క్రీములు రాసుకున్నవారే. సౌందర్య సాధనాల్లోని రసాయనాల మీద వస్తున్న వ్యాసాల్లో ఈ లెక్క దగ్గర ఆగినది నాకు కనబడలేదు. ఎంతసేపూ 'లేబుల్ చదివి కొనండి', 'తెల్లరంగు మోజు మానండి' అనే మాటలే. రెండూ ఆడపిల్లకు చెప్పే సుద్దులే. అమ్మేవాణ్నీ, ఆపాల్సినవాణ్నీ నిలదీసేవారు లేరు.

కేరళ ఎక్కడ, మహారాష్ట్రలోని మన చంద్రాపూర్ ఎక్కడ అనేవారు అకోలాను గుర్తు చేసుకోవాలి. అదీ మన విదర్భే. అక్కడ ఒక తల్లీ, ఇద్దరు కూతుళ్లూ కిడ్నీ జబ్బు పడ్డారు. ముంబై కేఈఎం ఆస్పత్రి వైద్యులు ఆరా తీస్తే, స్థానిక బ్యూటీషియన్ దగ్గర కొన్న క్రీములో పాదరసం బయటపడింది. 2023లో పత్రికలన్నీ రాశాయి, మరిచిపోయాయి. కోట్టక్కల్‌లోనైనా అకోలాలోనైనా విషాన్ని పట్టుకున్నది కిడ్నీ డాక్టర్లు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు కాదు. అంటే మన దేశంలో క్రీముకు పరీక్ష జరుగుతున్నది ఆడవాళ్ల ఒంట్లో.

చట్టం లేదా అంటే ఉంది. కంటి చుట్టూ వాడేవి మినహా మిగతా సౌందర్య సాధనాల్లో పాదరసం పొరపాటున కలిసినా 10 లక్షల్లో 1 వంతు మించరాదని 2020 నాటి నియమాలు చెబుతున్నాయి. మినమాటా ఒప్పందాన్ని మనం 2018లోనే ఆమోదించాం. పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నిటికీ 2025 నాటికి స్వస్తి చెప్పాలని 2023లో జెనీవాలో సభ్యదేశాలు తీర్మానించాయి కూడా. లోటల్లా అంగట్లో ఉంది. మందుల షాపు పెట్టాలంటే లైసెన్సు కావాలి. క్రీము తయారు చేయాలన్నా కావాలి. అమ్మడానికి మాత్రం అక్కర్లేదు! ఏ షాపులో ఏం అమ్ముతున్నారో జాబితాయే లేనప్పుడు తనిఖీకి వెళ్లేది ఎక్కడికి? ఫ్యాన్సీ షాపులో గాజులు, బొట్టుబిళ్లల పక్కన పెట్టిన డబ్బా మీద కంపెనీ చిరునామా ఉండదు, బ్యాచ్ నంబరు ఉండదు. పార్లర్‌లో పెద్ద డబ్బాలోంచి తీసి చిన్న డబ్బీలో పెట్టిస్తే చదవడానికి లేబులే ఉండదు.

చంద్రాపూర్‌లో 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గు కాలితే పాదరసం గాలిలో కలుస్తుంది. అందుకే ఘనపు మీటరు పొగలో అది 0.03 మిల్లీగ్రాములు మించరాదని కేంద్రం 2015 డిసెంబరులో హద్దు పెట్టింది. అమలు తీరు మీద వేరే పేచీ ఉంది, అది మరోసారి. కనీసం గొట్టం దగ్గర కొలవాలన్న ఆలోచన ఉంది. అదే పాదరసాన్ని బల్లార్పూర్‌లోనో ఘుగ్గుస్‌లోనో ఒక గని కార్మికుడి కూతురు రోజూ రెండు పూటలా చెంపలకు రాసుకుంటుంటే కొలిచే నాథుడు లేడు. డబ్బున్న ఇంటి పిల్ల చర్మవైద్యుడి దగ్గరికి పోతుంది. ఎండలో నలిగి, పెళ్లిచూపుల్లో రంగు గురించి మాట పడిన పిల్లకు ఆ చవక డబ్బీయే దిక్కు. వారం పది రోజుల్లో ముఖం తేటబడుతుంది. కాళ్లవాపులు, మూత్రంలో నురగ ఆ తరవాతెప్పుడో. ఆ పాదరసం తువ్వాళ్లకూ దిండు గలీబులకూ అంటి ఇంట్లో పసిపిల్లలకూ చేరుతుంది.

15 మంది చిన్న సంఖ్యే, ఒక్క ఆస్పత్రి లెక్కే. రాసుకున్న ప్రతివారికీ జబ్బు రాదు, నిజమే. కానీ ప్రభుత్వం లెక్కపెట్టని చోట 15లో 13 కంటే పెద్ద హెచ్చరిక ఏం కావాలి? క్రీము ఆపాక వారిలో చాలామంది కోలుకున్నారు. 'ముఖానికి ఏం రాస్తున్నావమ్మా' అని వేళకు ఒక్క ప్రశ్న వేస్తే కిడ్నీ దక్కుతుందన్నమాట. ఆ ప్రశ్న వేయమని జిల్లా ఆస్పత్రులకు ఉత్తర్వు ఇవ్వడానికి ఏం ఖర్చవుతుంది?

రంగు మోజు తప్పని నాకూ తెలుసు. అయితే విషం అమ్మినవాణ్ని వదిలి, కొన్న పిల్లకు బుద్ధి చెప్పడం ఏం న్యాయం? క్రీముల అమ్మకానికీ లైసెన్సు పెట్టండి. మహారాష్ట్ర ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) ప్రతి నెలా చంద్రాపూర్ గోల్‌బజార్ నుంచీ పార్లర్ల నుంచీ నమూనాలు తీసి, ఫలితాలను షాపు పేరుతో సహా మరాఠీలోనూ తెలుగులోనూ ప్రకటించాలి. ఇలాంటి కిడ్నీ కేసు వస్తే ఆస్పత్రి ఔషధ నియంత్రణ అధికారికి తెలపడం తప్పనిసరి చేయాలి. ఆ కబురు అందిన రోజే ఇన్‌స్పెక్టర్ ఆ డబ్బీ అమ్మిన షాపు మెట్లెక్కాలి.