సీలేరు నింగి – యాత్రికుని నియమం

మన్యపు అందాలను చూడ వెళ్లే యువకుల చేతులలో ఒకప్పుడు కెమెరా ఉండేది. నేడు డ్రోను ఉంటున్నది. నర్సీపట్నం, చింతపల్లి, ధారకొండల మీదుగా సీలేరు చేరిన యాత్రికునికి అడవి, లోయ, జలాశయం కన్నుల ముందు నిలుస్తాయి. వాటిని పక్షివలె పైనుండి చూడవలెనన్న కోరిక సహజమే. దానిని మేము తప్పు పట్టము. అయితే దానికి హద్దు ఎక్కడ అన్నదే ప్రశ్న.

మొదట చట్టం గీసిన హద్దులు తెలుసుకొనవలెను. 2021 ఆగస్టు 25న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన డ్రోన్ నిబంధనలు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. ఆకుపచ్చ మండలంలో సాధారణంగా 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అక్కరలేదు. పసుపు మండలంలో విమానాల రాకపోకలను నియంత్రించే అధికారుల అనుమతి, ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. డ్రోనుకు నమోదు సంఖ్య ఉండవలెను. రెండు కిలోలు మించని డ్రోనును వ్యాపారానికి కాక వినోదానికి ఎగురవేయువారికి పైలట్ ధ్రువపత్రం అవసరం లేదు. దీనిని చూచి, చిన్న డ్రోనుకు ఏ నియమమూ లేదని కొందరు భ్రమపడుతున్నారు. ధ్రువపత్రపు మినహాయింపు వేరు, మండలాల హద్దు వేరు. పైగా, ఏ ప్రాంతాన్నైనా 96 గంటలకు మించకుండా తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించవచ్చును. నిన్న ఆకుపచ్చగా ఉన్న చోటు నేడు ఎరుపు కావచ్చు. ఉల్లంఘనకు లక్ష రూపాయల వరకు జరిమానా నిర్దేశించారు.

సీలేరులో ఈ జాగ్రత్త మరింత అవసరం. 240 మెగావాట్ల ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం అక్కడ ఉన్నది. ఒడిశా సరిహద్దు చేరువలోనే ఉన్నది. ఆ సరిహద్దుకు ఆవల బలిమెల జలాశయంలో 2008 జూన్ 29న గ్రేహౌండ్స్ దళం పడవపై జరిగిన దాడిని ఈ ప్రాంతం మరువలేదు. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరంపై డ్రోన్లతోనే దాడి జరిగింది. గుర్తు తెలియని యంత్రం నింగిలో కనబడితే, అది విహారయాత్రికునిదో కాదో కాపలాదారునికి ఎట్లు తెలియును?

ఇంతవరకు చట్టం చెప్పినది. చట్టం చెప్పనిది మరొకటి ఉన్నది. మన్యంలో గిరిజనుల నేలకు 1970 నాటి ఒకటవ నిబంధన, అనగా ‘వన్ ఆఫ్ సెవెంటీ’ రక్షణ కల్పించింది. బయటివాడు అక్కడి భూమిని కొనజాలడు. కాని ఆ ఇంటి ముంగిటిపై, వాగులో స్నానమాడు స్త్రీలపై, సంతకు నడిచివెళ్లు కుటుంబంపై డ్రోను నిలిపి చిత్రాలు తీసేవానిని ఆపే గీత ఆ రంగుల పటంలో లేదు. వ్యక్తి ఏకాంతం ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. ఆ హక్కు పట్టణవాసికి ఎంతో కొండవాసికీ అంతే.

డ్రోనుతో గిరిజనులకు మేలు లేదా అని కొందరు అడుగవచ్చు. ఉన్నది. 2021 సెప్టెంబరు 11న తెలంగాణలోని వికారాబాదులో డ్రోన్ల ద్వారా ఔషధాలు పంపే ప్రయత్నం ఆరంభమైంది. దారిలేని పల్లెకు మందు తెచ్చే డ్రోనును మేము స్వాగతిస్తాము. అది పల్లెకు ఇచ్చుటకు వస్తుంది. విహారయాత్రికుని డ్రోను పల్లెనుండి తీసుకొనిపోవుటకు వస్తుంది. తీసుకొనువాడు అడుగవలెను. ఉర్దూలో దీనిని ‘ఇజాజత్’ అంటారు; పరాయి గడప దాటుటకు ముందు అది కోరుట మన ఇళ్లలో చిన్నపిల్లలకు సైతం తెలిసిన మర్యాద.

కావున కళాశాల కమిటీ వారికి మా మనవి ఇది. విహారయాత్రకు డ్రోను తీసుకొనిపోవు విద్యార్థులు బయలుదేరు దినముననే మండలాల పటం చూడవలెను. ఆనకట్ట, విద్యుత్ కేంద్రం, అడవి ఉన్నచోట ఆయా అధికారులను అడుగవలెను. పల్లె సమీపిస్తే అక్కడి పెద్దలతో మాట్లాడవలెను. వారు వద్దన్నచోట డ్రోను పెట్టెలోనే ఉండవలెను. ఈ నాలుగు నియమాలను యాత్ర అనుమతి పత్రంలోనే చేర్చిన మేలు.